మంచుకొట్టులో కుంకుడు వాసన

నా చిన్నప్పుడు మేము ఆరేళ్ళపాటు అలాస్కా ఉత్తరపు కొసన, గడ్డకట్టే సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉన్నాము. ఆ ఊరి ఆసుపత్రికి మా నాన్నగారొక్కరే వైద్యులు. చలికాలంలో రెండు నెలలు సూర్యుడు కనబడేవాడు కాదు. ఆ చీకటి దినాలలోనే మా అమ్మ నాకు ఛందస్సూ, ప్రబంధ పద్యాలూ చెప్పింది. గ్రీష్మవర్ణన వచ్చినప్పుడల్లా వడగాలి అంటే ఏమిటో ఆవిడ విడమరచి చెప్పవలసి వచ్చేది.

మా పక్కిల్లు ఇనుపియాట్ అనే అక్కడి ఆదివాసీ తెగకు చెందిన ఒక పెద్దాయనది. ఊరంతా ఆయనను తాత అనేది. నేనూ అలాగే పిలిచేదానిని. తిమింగలాల వేటకు వెళ్ళే ఒక పడవకు ఆయన నాయకుడు. మా రెండిళ్ళ నడుమ నేలలో ఒక చెక్కతలుపు ఉండేది. దానిని ఎత్తితే నిచ్చెన. నిచ్చెన దిగితే, రెండు నిలువుల లోతున, వాళ్ళ మంచుకొట్టు. అక్కడి నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది గనుక అందులో దాచిన మాంసం చెడదు. వేటలో దక్కినదంతా తాత అందులో భద్రపరచి, ముసలివారికీ, భర్తలను పోగొట్టుకొన్నవారికీ, వేటకు పోలేని ఇళ్ళకూ చలికాలమంతా పంచేవాడు. మేము మాంసం ముట్టమని తెలిసి, మాకు మాత్రం ఏరి తెచ్చిన బెర్రీపండ్లు పంపేవాడు.

మాది నిత్యస్నానపు ఇల్లు. ఆ ఊళ్ళో కొళాయిలు లేవు. నీళ్ళబండి వచ్చి పీపాలు నింపి వెళ్ళేది. వాడిన నీళ్ళను ఎవరికి వారు బకెట్లతో మోసుకొనిపోయి ఊరి వెలుపలి మడుగులో పారబోయాలి. ఇరుగుపొరుగువారు వారానికొకసారి స్నానం చేస్తే మేము దినమూ కాచిన నీళ్ళతో చేసేవాళ్ళం. శనివారం నాకూ అమ్మకూ కుంకుడుకాయలతో తలంటు. తాత భార్య మమ్మల్ని చూసి, "డాక్టరుగారిది చేపల వంశమా?" అని నవ్వేది. ఆ నీళ్ళు మోసే పని, పదకొండేళ్ళు వచ్చాక, నా వంతుకు వచ్చింది.

వేసవిలో ఆ మడుగు దగ్గర దోమలు మబ్బులా కమ్ముకొనేవి. ఒకనాడు నేను అంత దూరం పోలేక, మంచుకొట్టు తలుపు పక్కనున్న పల్లంలో బకెట్టు ఒంపేశాను. వేడినీళ్ళు పొగలు కక్కుతూ నాచులోకి ఇంకిపోయాయి. ఎవరూ చూడలేదు. మరునాడూ అక్కడే ఒంపాను. ఆ వేసవి పొడుగునా అక్కడే ఒంపాను. ఇంత వేగిరం ఎలా వచ్చావని అమ్మ అడిగితే పరుగెత్తి వచ్చానన్నాను. పాపం అలసిపోయిందని, ఆ పూట ఆవిడ నా అన్నంలో నెయ్యి ఒక చుక్క ఎక్కువ వేసింది.

వేసవి చివరలో ఒక ఉదయం తాత కొట్టు తలుపు ఎత్తగానే దుర్గంధం మా వాకిలి దాకా వచ్చింది. వాళ్ళింటివాళ్ళంతా చేరి, తిమింగలం మాంసమూ సీలు మాంసమూ తాళ్ళతో పైకి లాగసాగారు. పైకి వచ్చినదానిలో సగానికి పైగా కుళ్ళింది. నాన్నగారూ చొక్కా చేతులు మడిచి తాడు పట్టారు. నేను మా మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. తాత లోపలినుండి వచ్చి, నావైపు చూసి, రమ్మని చేయి ఊపాడు.

నిచ్చెన దిగాను. లాంతరు వెలుగులో మూడు గోడలు స్ఫటికాల్లా మెరుస్తున్నాయి. మా ఇంటివైపు గోడ మాత్రం నల్లబడి ధారగా కారుతోంది. తాత ఆ గోడ మొదట పేరుకొన్న బురదను వేలితో తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. కుంకుడు వాసన. బురదలో కుంకుడు తొక్కల తునకలు కూడా కనబడ్డాయి. ఆ ఊళ్ళో కుంకుడుకాయలున్న ఇల్లు మాదొక్కటే. నేను తల దించుకొన్నాను.

ఆయన తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, మెల్లగా అన్నాడు: "మా ఇళ్ళు చూశావా అమ్మాయ్, అన్నీ కొయ్యకాళ్ళ మీద నిలబెట్టాం. మన వేడి ఈ నేలకు తగలకూడదని. అది తగిలితే నేల మరిచిపోదు."

పైకి వచ్చాక నాన్నగారు ఏమైందని అడిగారు. తాత చేతులు తుడుచుకొంటూ, "పాత కొట్టు. ముసలిదైపోయింది, నాలాగే" అన్నాడు. నాన్నగారు అయ్యో పాపమన్నారు. నేను నోరు తెరవవలసిన క్షణం అది. తెరవలేదు.

ఆ చలికాలం ఊరికి పంచే ఇల్లు ఊరి పంపకాల కోసం ఎదురుచూసింది. ఎవరో పిల్లలు మాంసపు ముక్క తెచ్చి ఇస్తే తాత దానిని రెండు చేతులా అందుకోవడం మా కిటికీలోంచి చూశాను. ఆయన కొత్త కొట్టు తవ్వనారంభించినప్పుడు, నా ఈడుదైన ఆయన మనవరాలితో కలిసి నేను మట్టిగడ్డలను స్లెడ్జి అనే మంచుబండి మీద లాగాను. రాతిలాంటి ఆ నేలను గునపంతో పొడిస్తే చారెడు పెళ్ళ లేచేది. అమ్మ నన్ను చూసి, "ఎంత మంచి మనసే నీది!" అంది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

నా స్నానపు నీళ్ళను ఆ తరువాత ఎన్నడూ మడుగు దాకా మోయక మానలేదు. అంతమాత్రాన నేను నిజం ఒప్పుకొన్నట్టు కాదు. తరువాత మేము మిషిగన్‌కు వచ్చేశాము. నేను ఇంజనీరునై, అక్కడి ట్రాయ్ నగరంలో ముప్పై ఏళ్ళు కార్ల ఇంజన్లు రూపొందించాను. తాత పోయినట్టు ఉత్తరం వస్తే ఏకాంతంలో ఏడ్చాను.

మొన్న వేసవిలో ఆ మనవరాలు ఫోన్ చేసింది. మేము మట్టి లాగిపోసిన ఆ కొత్త కొట్టులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయట. తోడితే మళ్ళీ ఊరుతున్నాయట. ఊళ్ళో చాలా కొట్లు అలాగే ఉన్నాయనీ, సముద్రం మీద మంచు ఆలస్యంగా కట్టి త్వరగా విరుగుతోందనీ, వేటకు దాని మీద కాలు పెట్టడానికే భయమవుతోందనీ చెప్పింది. తలుపుకు మేకులు కొట్టి ఫ్రీజర్ కొన్నామంది. నాకు అరవై దాటాయి. ఇక దాచలేక, మొదటి కొట్టు పాడైంది నా చేతుల మీదుగానేనని చెప్పేశాను.

ఆమె అంది: "మాకు తెలుసులే. తాత ఆ రాత్రే చెప్పాడు. ఆ పిల్లని ఎవరూ ఏమీ అనకండి, తనే వచ్చి చెప్తుంది అన్నాడు. పోయే ముందు కూడా అడిగాడు, చెప్పిందా అని."

"మీరేమన్నారు?"

"ఇంకా లేదన్నాం. పోనీలే, చిన్నపిల్ల కదా అన్నాడు."

అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు.

నీళ్ళు ఒంపినది నేనొక్కతెనే అయినప్పుడే ఒప్పుకోలేకపోయాను. ఇప్పుడు కార్ల పొగతో ఆ నేల మీద వేడి ఒంపే చేతులు కోట్లు. వాటి నడుమ నావి రెండు ఎవరికీ కనబడవు. కారు తాళం తిప్పినప్పుడల్లా, ఎవరూ చూడని ఆ పల్లం పక్కన నిలబడినట్టే ఉంటుంది నాకు. ఆ రోజు తాత ముందు దించుకొన్న తల నేటికీ పూర్తిగా లేవలేదు. లేవకపోవడమే మంచిదనుకొంటున్నాను.