ఎలుకకు తగ్గితే ఎలుకకు తగ్గినట్టే

మా మేడం పోయారని శనివారం పొద్దున ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. నాంపల్లి స్టేషన్ వెనక ఆమె కిరాయికుండే ఇంటికి వెళ్లేసరికి పాత విద్యార్థులం చాలామందిమే పోగయ్యాం. ఆమె గురించి మెత్తగా నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. చేతకావడం లేదు. ఎందుకో చెప్తాను.

ఫార్మసీ కాలేజీలో ఆమె పని ఒకటే. చక్కెర జబ్బుకు ఏ ఆకు పనిచేస్తుందో, ఏది చెయ్యదో చూడటం. పొడపత్రి ఆకు ఎండబెట్టి, దంచి, సారం తీసి, షుగర్ తెప్పించిన ఎలుకలకు పట్టించేవాళ్లం. తోక నుంచి చుక్క నెత్తురు తీసి కొలిచేవాళ్లం. ఎలుకను పట్టుకున్నప్పుడల్లా మేడం "జర ఓర్చుకో బిడ్డా" అనేవారు. మేం నవ్వితే, "మన కోసమే కదా అది సచ్చేది, మాటన్న మంచిగ మాట్లాడున్రి" అనేవారు.

ఒకసారి మా సారానికి ఎలుకల్లో షుగర్ బాగా దిగింది. మందు దొరికిందని నేను గంతులేశాను. "ఎలుకకు తగ్గితే ఎలుకకు తగ్గినట్టే. మనిషి సంగతి మనకింకా తెల్వది" అని మళ్లీ మొదట్నుంచి చేయించారు. రెండోసారి అంత దిగలేదు. అదే రాయించారు. ఇవాళ నా పనిలో కాస్తో కూస్తో నిజాయితీ ఉంటే అది ఆమె పెట్టిందే.

ఆబిడ్స్‌లో ఒక మూలికల దుకాణం ఉంది. దాని ఓనర్ ఏదో సదస్సులో మేడం పక్కన నిలబడి ఫోటో దిగాడు. కొన్నాళ్లకు ఆ ఫోటో వాడమ్మే షుగర్ తగ్గించే పౌడర్ డబ్బా మీదికెక్కింది. మేడం ఇంటి పై వాటాలో కిరాయికుండే ఒకామె ఆ ఫోటో చూసే డబ్బా కొన్నది. డాక్టరిచ్చిన గోళీలు వేసుకుంటూనే పౌడర్ కూడా తాగింది. ఒకరోజు వంటింట్లో పడిపోయింది. దవాఖానలో చూస్తే షుగర్ అడుగంటింది. ప్రాణమైతే దక్కింది గానీ మాట మునుపటిలా రాలేదు.

మేడం ఆ డబ్బా కాలేజీకి తెచ్చి పరీక్షించారు. చూస్తుండగానే ఎలుకల్లో షుగర్ జారిపోయింది. "ఆకు గింత జల్దీ పని చెయ్యది" అన్నారు. రసాయన పరీక్షలో అసలు సంగతి బయటపడింది. ఆకుపొడిలో డాక్టర్లిచ్చే షుగర్ జబ్బు గోళీలే నూరి కలిపారు. అప్పుడు ఆమె మొహంలో కోపం లేదు. తింటున్న అన్నంలో బొద్దింక కనబడినట్టుంది.

మమ్మల్ని వెంటేసుకుని దుకాణానికి వెళ్లారు.

"మా మీది పోర్షన్ల ఉండే ఆమెకు మాట సక్కగ వస్తలేదు. డబ్బా మీద నా ఫోటో చూసి తాగింది."

"మీ పేరు యాడ రాసినం మేడం? ఉత్త ఫోటోనే కదా" అన్నాడు ఓనర్ నవ్వుతూ. చాయ్ తెప్పించాడు. ఆమె ముట్టలేదు.

ఆమె ఫిర్యాదుతో దుకాణం మూతపడింది. కొన్నాళ్లకు కొత్త పేరుతో అక్కడే తెరుచుకుంది. డబ్బా మీద ఫోటో పోయింది, లోపల పౌడర్ పోలేదు. రిటైరయ్యాక కూడా మేడం సాయంత్రాలు ఆ దుకాణం ముందు నిలబడి కొనేవాళ్లను ఆపి చెప్పేవారు. కొందరు వినేవారు. కొందరు పిచ్చిదనుకుని తప్పుకునేవారు.

ఆమె పోయిన తర్వాతి వారం ఆబిడ్స్‌లో బస్సు దిగాను. దుకాణం ముందు భాగాన్ని సగం కప్పేస్తూ ఫ్లెక్స్ కట్టి ఉంది. మేడం ఫోటో, చుట్టూ పూలదండ, "మా మార్గదర్శికి అశ్రునివాళి". ఆ కిందే పౌడర్ డబ్బా బొమ్మ.

"తీసెయ్" అన్నాను.

"గదేందమ్మా, శ్రద్ధాంజలే కదా. మేడం అంటే మాకు గూడ ఇజ్జతే" అన్నాడు ఓనర్.

పక్కనున్న టైలర్ దగ్గర కత్తెర అడిగి తెచ్చాను. ఫోటో చుట్టూ కత్తిరించాను. వాడు అడ్డు రాలేదు, గిరాకీ ఉంది వాడికి. మేడం మొహాన్ని జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకుని తలెత్తాను. పూలదండ మధ్య పెద్ద బొక్క. అందులోంచి లోపలి కౌంటర్ కనబడింది. ఓనర్ ఒక ముసలాయనకు డబ్బా అందిస్తూ, పూటకు రెండు చెంచాలని వేళ్లతో చూపిస్తున్నాడు.