కొలోన్‌లో పదకొండు ప్రదక్షిణలు

కొలోన్ మహా చర్చికి పునాది పడింది 1248లో, నిర్మాణం ముగిసింది 1880లో. ఈ రెండు సంఖ్యలనూ బెంగళూరులో విమానం ఎక్కకముందే నోటుబుక్కులో రాసుకున్నాను. ప్రయాణంలో చూడబోయే ప్రతి చర్చికీ ఒక పేజీ కేటాయించాను. కట్టడాల ఇంజనీరుగా ఉద్యోగం చేసినవాడిని. తేదీ, కొలత లేని మాటను లెక్కలోకి తీసుకోను.

ఆ ఉదయం నా భార్య చేతికర్రను రైల్లో మరిచిపోయింది. చర్చి గుమ్మం దాటి నాలుగడుగులు వేశాక ఆమెకు తన మొక్కు గుర్తొచ్చింది. మోకాలి ఆపరేషన్ రోజున మొక్కుకున్నది అది: కర్ర లేకుండా కాలుపెట్టిన మొదటి గుడిలో పదకొండు ప్రదక్షిణలు.

“ఇది చర్చి కదా,” అన్నాను.

“లోపల దేవుడుండాడా లేదా?”

“ఉండాడు.”

“ఏ గుడి అని మొక్కులో చెప్పలేదు. మీరు లెక్క పెట్టండి, నేను నడుస్తా.”

మొక్కులోని మాటలు ఆమె చెప్పినట్టే ఉన్నాయి. కాదనడానికి ఆధారం లేదు.

గర్భగుడి చుట్టూ ఉన్నట్టే అక్కడా ప్రధాన పీఠం వెనుక నుంచి తిరిగి రావడానికి దారి ఉంది. పీఠాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ఆమె బయలుదేరింది. నేను స్తంభం పక్కన నిలబడి, వేలి కణుపుల మీద బొటనవేలు జరుపుతూ లెక్క పట్టాను. మూడోసారి ఆమె ఎదురయ్యేసరికి, దారి తప్పిందనుకుని ఎర్ర అంగీ కాపలాదారు ద్వారం వైపు చూపించాడు. ఆమె నమస్కారం పెట్టి నాలుగోదానికి కదిలింది.

కొంతసేపటికి, బయట ఫోటోలు తీసుకుంటూ ఆగిపోయిన మా అమ్మాయి లోపలికి వచ్చింది. “అప్పా, ఆరు వందల ఏండ్లు ఏం కట్టినారు వీళ్లు? మన ఫ్లైఓవర్లే నయం!”

“ఆరు వందల ముప్పై రెండు,” అని సరిచేశాను. మధ్యలో దాదాపు మూడు శతాబ్దాలు పని ఆగిపోయిందనీ, అసంపూర్తి గోపురం మీద పాత క్రేను అలాగే నిలిచి ఉండేదనీ చెప్పాను. ఆ క్రేను ఎలా తిరిగేదో చేయెత్తి చూపించాను.

చేయి దించేసరికి బొటనవేలు ఏ కణుపు మీదా లేదు.

“ఎన్నయినాయి?” భార్య ఎదురుగా నిలబడి ఉంది.

“ఎనిమిదో, తొమ్మిదో.”

“మీరా ఈ మాట అనేది! హెబ్బగోడి సిగ్నల్లో ఎన్ని నిమిషాలు ఆగినామో రాసుకునే మనిషి!” అంతలోనే ఆమె ముఖం వాడిపోయింది. “మొక్కు తక్కువైతే ఎట్ల?”

బరువు మోసే చోట సందేహం వస్తే తక్కువ సంఖ్యనే నమ్మాలి. ఉద్యోగంలో ఆ నియమం నన్ను ఎన్నడూ ముంచలేదు.

“ఎనిమిదే అనుకుందాం. ఇంకా మూడు. ఈసారి నేనూ వస్తా.”

“ట్రైన్ మిస్సయితాం అప్పా.”

“రెండున్నరకి ఇంకొకటి ఉంది.”

చేయి అందించబోతే భార్య వారించింది. “పట్టుకోవద్దండి. అదీ కర్ర లెక్కే అయితాది.”

జానెడు దూరంలో నడిచాను. చివరి చుట్టులో మోకాలు మొరాయించి ఆమె ఆగింది. నేనూ ఆగాను, ముట్టుకోలేదు. కాపలాదారు ఈసారి తానే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

బయట మెట్ల మీద కూర్చుని, 1248, 1880ల కింద ‘ప్రదక్షిణలు: 11 లేదా 12’ అని రాశాను. ఆమె వంగి చదివింది.

“పదకొండుకి తక్కువ లేదు కదా?”

“లేదు. దానికి పూచీ నాది.”

“అయితే లేయండి, రెండున్నర బండి చూసుకుందాం.”