నక్షత్రం దాటేదాకా

సూరత్‌లో మా తెలుగువాళ్ళకి ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఆత్మజ్ఞానం కలిగేది. పదిన్నరకి ఉప్మా పెట్టేవారు కాబట్టి పదకొండుకల్లా దిగిపోయేది. రైల్వేలో గుమాస్తాగిరీ వెలగబెట్టే నేను, నలుగురు బ్యాంకువాళ్ళు, వాళ్ళ భార్యలు, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిసి ఓ పన్నెండు మందిమి ఒక నాలుగో అంతస్తు హాల్లో చాపల మీద కూర్చునేవాళ్ళం. ఆ ఇంటాయన ఇచ్ఛాపూర్ వైపు ఒక కర్మాగారంలో పెద్ద ఇంజనీరు. వేదాంతం ఆయన చెప్పేవారు, మేం వినేవాళ్ళం. అందుకని ఆయన్ని గురువుగారనేవాళ్ళం.

చెప్పడంలో ఆయనకి తిరుగులేదు. పుట్టుక లేదు, చావు లేదు, ఉన్నది ఒక్కటే అని ఆయన అంటే మేం గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళం. మూఢనమ్మకాలంటే ఆయనకి ఒళ్ళుమంట. ఆ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకుంటే, "అజ్ఞానం చూశారా, దారానికి వేలాడుతోంది" అన్నారొకసారి. మేం విరగబడి నవ్వాం.

ఆయన తల్లికి ఎనభై దాటాయి. మేమందరం మామ్మగారనేవాళ్ళం. భర్త బతికినన్నాళ్ళూ పౌరోహిత్యం చేశాడు, కాబట్టి పంచాంగం ఆవిడకి కంఠతా. పక్కగదిలో తన మంచం మీద పడుకుని మా పాఠం వినేది, కానీ ఒక్కమాట మాట్లాడేది కాదు. పోయిన ఏడాది ఆవిడకి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులు చూసి, ఇక చేసేదేమీ లేదన్నారు డాక్టర్లు. "అయితే ఇంటికి తీసుకెళ్ళండి, నా మంచం మీద పోతాను" అంది. సోమవారం తీసుకొచ్చారు. ఆవిడ అడిగింది అదొక్కటే.

బుధవారం పొద్దున్నే గురువుగారు ఫోన్ చేసి సాయానికి రమ్మన్నారు. ఆక్సిజన్ సిలిండర్ మోయాలేమో అనుకుంటూ వెళ్ళాను. ఆయన చేతిలో పంచాంగం ఉంది.

"మధ్యాహ్నం నుంచి ధనిష్ఠండీ" అన్నారు గొంతు తగ్గించి.

ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఇంటికి దోషమట. ఆరు నెలలు ఇల్లు మూసేసి అందరూ బయటికి పోవాలట. ప్రాణం గడప బయట పోతే మాత్రం ఏ చిక్కూ లేదట. అంచేత మధ్యాహ్నంలోగా తల్లిని కిందికి దించాలి.

"మరి చావే లేదన్నారు కదండీ" అన్నాను. అంత గట్టిగా ఏమీ అనలేదు లెండి.

"అది పరమార్థంలో. వ్యవహారంలో ఇవన్నీ తప్పవు."

మా వేదాంతానికి రెండంతస్తులున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. పై అంతస్తులో చావు లేదు, నక్షత్రం లేదు. కింది అంతస్తులో కొత్తగా వేయించిన ఫాల్స్ సీలింగ్ ఉంది. ఎప్పుడు ఏది వీలైతే అందులో కాపురం. ఏమీ చదువుకోనివాడు భయపడితే అది ఉత్త భయమే, దగ్గర కూర్చుని చెబితే పోవచ్చు. ఇంత చదివినవాడు భయపడితే దానికో శ్లోకం తోడు తెచ్చుకుంటాడు. ఇక వాడికి చెప్పేదెవరు? వేదాంతం చదివినందుకు మనకి పోవలసిన మొదటి జబ్బు ఇదేనని నా అభిప్రాయం. అభిప్రాయం మనసులో పెట్టుకుని నేను కుర్చీ పట్టుకున్నాను.

మంచం లిఫ్టులో పట్టదు. మామ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా పాతచీరతో కట్టాం. వెనక ఆయన, ముందు నేను. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఎక్కడికని అడగలేదు. రెండో అంతస్తులో లిఫ్టెక్కిన గుజరాతీ ఆవిడ "అమ్మకి ఏమైంది?" అని హిందీలో అడిగింది. "తాజా హవా కే లియే" అన్నారు గురువుగారు, మంచిగాలి కోసమని. మేం వెళ్తున్నది పార్కింగులోకి.

అక్కడ నీళ్ళ మోటారు పక్కన వాచ్‌మన్ గది ఉంది. అతనిది జగిత్యాల దిక్కు. పాండేసరలో రంగుల మిల్లులో చేసి చేసి, ఓపిక తగ్గాక ఈ పనిలో చేరాడు. అమ్మని నాలుగు రోజులు నీ గదిలో ఉంచుతామని గురువుగారు చెప్పి, కారణం కూడా చెప్పారు.

"మరి గా దోషమేందో నా అర్రకు పట్టదా సారూ?" అన్నాడతను.

"అది ఇల్లు కాదుగా. సొసైటీ గది."

"పదేండ్ల సంది నేను గీడనే ఉంటున్న."

గురువుగారు వినిపించుకోలేదు. వాచ్‌మన్ తన బట్టలు, పొయ్యి బయట పెట్టుకుని గది ఊడ్చాడు. "అమ్మను జర గాలి దిక్కు పండబెట్టుండ్రి" అన్నాడు. నాకు సిగ్గేసింది. అయినా కుర్చీ లోపలికి పట్టాను.

మామ్మగారు పోలేదు. పైగా తేరుకుంది. పైనుంచి మూడు పూటలా క్యారియర్ వచ్చేది, కోడలు కళ్ళు తుడుచుకుంటూ తినిపించబోయేది. ఆవిడ మాత్రం వాచ్‌మన్ మజ్జిగలో కలిపిచ్చే జొన్న గట్కే కావాలనేది. ఆదివారం వచ్చింది. పైన పాఠం మామూలుగానే జరిగింది. దేహం నేను కాదు అన్నది ఆ వారం విషయం. నేనూ వెళ్ళాను, ఉప్మా కూడా తిన్నాను.

సోమవారం పొద్దున రేవతి దాటింది. గురువుగారు కుర్చీ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని కిందికి వచ్చారు.

"పద అమ్మా, ఇంటికి వెళ్దాం."

"ఇవాళ అశ్విని. రేపు భరణి. ఎల్లుండి కృత్తిక" అంది మామ్మగారు. "దానికీ మూడు నెలలు ఇల్లు మూయాలిగా. ఆ తర్వాత రోహిణి, దానికీ ఉంది. మళ్ళీ దించనని మాటివ్వు, వస్తాను."

ఆయన మాటివ్వలేదు. తల వంచుకుని కుర్చీ చెయ్యి రుద్దుతూ నిలబడ్డారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రాత్రీ పగలూ తల్లికి మందులు తనే ఇచ్చిన మనిషి. అప్పుడు ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు, జాలేసింది.

"అయితే వద్దులే" అంది ఆవిడ. తర్వాత నావైపు తిరిగింది. "వాడు భయస్థుడు, చిన్నప్పట్నుంచీ అంతే. నీకు భయం లేదు కదా నాయనా. ఇది తప్పని తోచలేదా?"

"తోచింది మామ్మగారూ."

"మరి?"

గురువుగారు పిలిచారు, వచ్చాను. అంతకంటే పెద్ద కారణం వెతికినా దొరకలేదు. ఆవిడ నావైపు నుంచి తల తిప్పుకుని, కాళ్ళ మీద దుప్పటి కప్పమని వాచ్‌మన్‌కి చెప్పింది.

మామ్మగారు ఆ గదిలోనే ఉండిపోయింది. మరుసటి సోమవారం నేను ఆఫీసులో ఉండగా గురువుగారి ఫోన్ వచ్చింది.

"పుష్యమండీ. ఏ దోషమూ లేదు" అన్నారు. ఆ తర్వాత, "అమ్మ పోయింది" అన్నారు.

"పోన్లెండి, ఇంటికేమీ కాలేదు" అన్నాను నేను.