పిన్ని వేలిముద్ర

మా వీధికి చేపలు తెచ్చే పిన్నిని ఆ తలుపు బయట నిలబెట్టింది నేనే. ఈ మాట నా థీసిస్‌లో ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అనకాపల్లి పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. వేలిముద్రతో తెరుచుకునే తాళం, దాని వెనక సాఫ్ట్‌వేర్ ఎంత త్వరగా పనిచేస్తుంది, జనం దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారు, ఇదీ నా అంశం. తాళం బిగించి చూడ్డానికి చోటు దొరక్క నేను తల పట్టుకుని కూర్చుంటే, మా గుమ్మంలో వంజరం చేప కోస్తూ పిన్నే దారి చూపించింది.

"మా పూడిమడక రామ్మా. మా ఆడోళ్ల సంఘానికి ఐసు గది ఉంది. ఆ తాళంచెవి కాడ రోజూ తగువే. ఒకల సేపల పెట్టె ఒకలు ఎత్తుకుపోతన్నారు."

సాయంత్రం పడవల దగ్గర కొన్న చేపని ఆ గదిలో పెట్టి, తెల్లారాక ఆటోలో అనకాపల్లి తెచ్చి అమ్ముకుంటారు వాళ్లు. తాళం బిగించాను. అందరి వేళ్లూ యంత్రానికి ఎక్కించాను, ఒక్క పిన్నిది తప్ప. ఏళ్ల తరబడి పొలుసు గీకీ, ఉప్పు రుద్దీ ఆమె వేళ్లు అద్దంలా అరిగిపోయాయి. నిమ్మకాయతో తోమాం, బట్టతో తుడిచాం, పది వేళ్లూ పెట్టి చూశాం. ప్రతిసారీ ఎర్రలైటే.

"నాది ఎక్కదేటమ్మా?" అని సిగ్గుపడిపోయింది పిన్ని, అందరి ముందూ తప్పు చేసినట్టు.

"నీకు వేరే ఏర్పాటు చేస్తాను పిన్నీ, నంబరు నొక్కితే తెరుచుకునేలా," అన్నాను. చెయ్యలేదు. ఆ నంబరు పద్ధతి కలిపితే తలుపు తెరుచుకోవడం ఒక క్షణం ఆలస్యమవుతోంది. నా గ్రాఫు పాడవుతోంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, అదే కారణం.

తర్వాత ప్రశ్నల కాగితాలు పట్టుకుని వెళ్లాను. వాడటం సులువుగా ఉందా, నమ్మకంగా ఉందా, ఇలాంటివి. అందరూ అన్నిటికీ బాగుందనే చెప్పారు. "ఏటి సెప్పమంటావో సెప్పు, అదే సెప్తాను," అంది ఒకావిడ. కాగితం పట్టుకుని వచ్చినవాళ్ల ముందు బాగోలేదంటే, ఉన్నది కూడా ఊడుతుందని వాళ్ల భయం. ఆ సంగతి నాకు తెలుసు. అయినా రాసుకున్నాను. వేలే పడని పిన్ని కూడా బాగుందనే చెప్పింది.

మరి పిన్ని చేప గదిలోకి ఎలా వెళ్తోంది? ఆమె తోటికోడలు తన చేప పాడవకుండా ముందే పెట్టె పెట్టుకుని వచ్చేసి, పిన్ని కొనే పడవ ఆలస్యంగా ఒడ్డుకి చేరాక మళ్లీ వెళ్లి తన వేలు పెట్టేది. ఒకరికి కుదరకపోతే ఇంకొకరు తట్ట ఎత్తడం వాళ్లకి పుట్టినప్పటినుంచీ అలవాటు. అలాగే వేలు కూడా ఎత్తింది. అందులో దాపరికం ఏమీ లేదు.

కానీ నా కంప్యూటర్‌లో ఒకే వేలు రోజూ రెండుసార్లు కనబడింది. "ఇది భద్రతలో లోపం కదమ్మా, పరీక్షకులు ఊరుకోరు," అన్నారు మా గైడ్. ఆ రెండోసారి ఎవరి కోసమో నాకు బాగా తెలుసు. తెలిసే, ఇంట్లో కూర్చుని టీ చల్లారేలోపు తాళం నియమం మార్చేశాను. ఒక వేలికి పూటకి ఒక్కసారే తలుపు. ఎవరికీ చెప్పలేదు. నా బుద్ధి గడ్డి తింది.

ఆ సాయంత్రం వాన. పిన్ని రెండుసార్లు ఫోన్ చేసింది. గైడ్ ఎదుట కూర్చున్నాను, తియ్యలేదు. తర్వాతా చెయ్యలేదు.

వారం గడిచినా పిన్ని మా వీధికి రాలేదు. పూడిమడక వెళ్తే తోటికోడలు చెప్పింది. "అప్పటికే అందరం పెట్టేసుకున్నాం. ఎవుల ఏలు పెట్టినా తియ్యనేదు. ఆ వానలో సేప ఎక్కడ ఎండబెడతాది? తెల్లారేసరికి కుళ్లిపోనాది. ఇసకలో పూడ్సేసింది."

సంఘం పెద్దావిడ దగ్గరికి పరుగెత్తాను. ఆ నియమం తీసేస్తానన్నాను, నంబరు పద్ధతి కూడా పెడతానన్నాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మేడమ్. ఇప్పుడే దొంగతనాలు ఆగేయి. నంబరంటే అందరికీ తెలిసిపోద్ది. ఒక్క మనిషి కోసం మార్సేత్తే మళ్లీ తగువులే." మిగతావాళ్లు తలలు ఊపారు. నా తాళాన్ని వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది ఆరోజే.

ఆ మొహంతో పిన్ని గడప తొక్కలేక వచ్చేశాను. నెల పోయాక, థీసిస్ ఇచ్చేశాక వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉంది. నేను చేసిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పోనీలే తల్లీ, నా ఏలే మంచిది కాదు. నీ సదువు అయిపోనాదా? నేను బాగుందనే సెప్పేను కదా, నా వల్ల నీకేటీ ఇబ్బంది రానేదు కదా?"

పిన్ని కుడిచెయ్యి చాపింది. వేళ్ల నిండా కొబ్బరినూనె.

"సేప, ఉప్పు ముట్టుకోకపోతే గీతలు మళ్లీ వత్తాయంట. నెల్రోజులై ముట్టుకోనేదమ్మా. యాపారం మానేసేను. ఒకపాలి సూడు, ఇప్పుడు పడతాదేమో."

బొటనవేలు పట్టుకుని చూశాను. నున్నగా ఉంది, ఒక్క గీతా లేదు. పడ్డా పడకపోయినా కొత్త వేలు ఎక్కించే అధికారం నాకిప్పుడు లేదు, సంఘానికి అప్పగించేశాను. ఇవన్నీ చెప్పాలి. చెప్పలేకపోయాను.

"ఇంకొన్నాళ్లు ఆగు పిన్నీ, వస్తాయి," అన్నాను.

మొన్న చేపల బజారులో తోటికోడలు కనిపించింది. పిన్ని ఎలా ఉందని అడిగాను.

"ఏటుంటాది. నువ్వు ఆగమన్నావంట కదా. ఇంకా సేప ముట్టుకోడం నేదు."