రోజూ ఖాళీగా వచ్చిన డబ్బా

మా అమ్మ దానమ్మకు దేవుడి తర్వాత అంతటి నమ్మకం ఖాళీ డబ్బా మీద. మనిషి నోరు అబద్ధమాడొచ్చు గాని తుడిచినట్టు తిన్న డబ్బా అబద్ధమాడదు అనేది. అలాంటి డబ్బా ఆమెను ఇరవై ఆరేళ్ళు మోసం చేసింది. ఆ సంగతి తెలిసిన రోజు నాన్న మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇప్పుడు తలుచుకుంటే కోపం కంటే ముందు కళ్ళు తడుస్తాయి.

ఆలేరు దగ్గరి పల్లె నుంచి మేం నాచారం వచ్చేసరికి నాకు ఐదేళ్ళు. నాన్న దేవానందం పారిశ్రామికవాడలో మోటార్ల సామాను చేసే ఒక కంపెనీలో హెల్పరుగా చేరాడు. చేరిన ఏడాదిలోపే మిషను దగ్గర కళ్ళు తిరిగి పడ్డాడు. డాక్టరు చూసి, రక్తం తక్కువగా ఉంది, రోజూ ఆకుకూరో కూరగాయో కడుపులో పడాలి అన్నాడు. అమ్మ ఆ మాటను చర్చిలో వాక్యం విన్నట్టు విన్నది.

చిక్కేమిటంటే నాన్నకు కూరగాయలంటే గిట్టదు. పప్పుచారు, కోడిగుడ్డు, ఎండుచేపలు, ఆదివారం చర్చి అయ్యాక కోడికూర. అంతే ఆయన లోకం. ఆకులూ కాయలూ గొడ్లు తినేవి అనేవాడు. అమ్మ వాదనకు దిగలేదు. రాత్రికి ఆయనకు ఇష్టమైందే వండి, పగటి డబ్బాను మాత్రం తన చేతుల్లోకి తీసుకుంది. అరగంట లంచ్‌లో డబ్బాలో ఉన్నది తినక ఎక్కడికి పోతాడని ఆమె ధీమా.

కాని గిట్టని మనిషి తినాలంటే ఉప్పూ కారం చల్లి ఉడకబెడితే సరిపోదు కదా. ఉప్పల్ అంగడిలో కూరగాయలమ్మే మల్లవ్వ దగ్గర అమ్మ బేరం కంటే ముందు వంట అడిగేది. "మల్లవ్వా, గీ పొట్లకాయ మీరెట్ల వండుకుంటరు?" మల్లవ్వ చెప్పేది, అమ్మ ఇంటికొచ్చి దానికి ఇంకో రెండు కలిపేది. గోకరకాయలు, అంటే గోరుచిక్కుళ్ళు, ఉడికించి నీళ్ళు వార్చి, వేయించిన నువ్వులూ ఎండుకొబ్బరీ వెల్లిపాయా కలిపి దంచిన పొడి వేసి మగ్గనిచ్చేది. దొండకాయలను నాలుగు చీలికలు చేసి లోపల పల్లీల కారం కూరేది. బీరకాయ కూరయ్యేది, దాని పొట్టు పచ్చడయ్యేది. పొద్దున ఆరింటికే మా రేకుల ఇంట్లో నువ్వులు చిటపటలాడేవి. నేనూ మా తమ్ముడు ఆరోనూ ఆ వాసనకే లేచేవాళ్ళం. బళ్ళో మా డబ్బాలు తెరిస్తే చుట్టూ చేతులే. ఆ రోజుల్లో మాకు లేనివి చాలా ఉండేవి, కాని డబ్బా తెరవడానికి సిగ్గుపడాల్సిన రోజు ఒక్కటీ రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు కంపెనీ సైరన్ మా గల్లీ దాకా వినిపించేది. అమ్మ చేస్తున్న పని ఆపి, "ఇగ డబ్బ తెరుస్తుండు" అనేది. అప్పుడే తనూ పళ్ళెం ముందు కూర్చునేది. కంపెనీలో ఆయన, ఇంట్లో ఈమె, ఒకే వేళకు ఒకే కూర తింటున్నామని ఆమె లెక్క. ఇప్పుడా కంపెనీ లేదు, అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒంటిగంట అయితే మాత్రం అమ్మ చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.

సాయంత్రం నాన్న రాగానే మొదట డబ్బా మూత తీసేది. ఖాళీ. మెతుకు లేదు, కూర అంటిన మరక లేదు. "ఎట్లుండె?" అని అడిగేది.

నాన్న రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటి మనిషి అమ్మ కూర గురించి మాత్రం నోరారా చెప్పేవాడు. "దొండకాయకు గింత మర్యాద జేసినోళ్ళను నేను సూడలే." ఇంకో రోజు, "కూర సాలలే, అన్నం మిగిలింది." కాకరకాయ పంపిన రోజైతే, "ఆ చేతికి బంగారు గాజు తొడగాలె." మా సంఘంలో బంగారం పెట్టుకోరు. "బంగారమంటే పాస్టరమ్మ ఊకుంటదా?" అని అమ్మ పొయ్యి వైపు తిరిగి నవ్వుకునేది. ఆ మాటలు నాన్న నోట్లో కొంచెం వదులుగా ఉండేవి, అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు. అయినా మాకెందుకు అనుమానం వస్తుంది?

అమ్మకు ఒక్కటే లోటు. "ఎన్నడన్న ఉప్పు తక్కువైందని గూడ అనవేందయ్యా?" అనేది.

"తక్కువైతె గదా అననీకి" అనేవాడు నాన్న.

ఆ మాటల బలంతోనే అమ్మ ఇరవై ఆరేళ్ళు వండింది. కోత పండుగనాడు మా చర్చిలో రెండు వందల మందికి భోజనాలు పెడితే కూరగాయల గంజు దగ్గర మా అమ్మే నిలబడాలి. మా పెళ్ళిళ్ళయ్యాయి, నేను దమ్మాయిగూడలో కాపురముంటూ అక్కడి బడిలోనే పాఠాలు చెప్పుకుంటున్నాను, ఆరోన్ చర్లపల్లిలో ఉద్యోగం. రేకుల ఇల్లు స్లాబు ఇల్లయింది. నాన్న రిటైరయ్యాడు.

రిటైరైన మర్నాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి, నాన్న మామూలు పనిరోజున మధ్యాహ్నం ఇంట్లో అన్నానికి కూర్చున్నాడు. అమ్మ గోకరకాయ చేసింది. నాన్న కూరను పళ్ళెం అంచుకు జరిపి చారుతో తిని లేచాడు. ఆకలి లేదన్నాడు. మర్నాడు బీరకాయ, అదే కథ. మూడో రోజు దొండకాయ. మర్యాద సంగతి దేవుడెరుగు, దాన్ని ముట్టుకోను కూడా లేదు.

అమ్మ నన్ను పిలిచి రుచి చూడమంది. బాగానే ఉందమ్మా అన్నాను. నమ్మలేదు. కడుపున పుట్టినదాన్ని కాబట్టి అంటున్నానని ఆమె అనుమానం. ఇరవై ఆరేళ్ళు మెచ్చుకుని తిన్న మనిషి ముట్టడం లేదంటే తన చేతి రుచి పోయిందని తీర్మానించుకుంది. ఆ ఏడు కోత పండుగకు అడగవచ్చిన ఆడవాళ్ళతో, "నా చెయ్యి పోయిందమ్మా, ఇంకెవ్వలనన్న సూసుకోండ్రి" అని చెప్పి పంపించింది.

నెల తర్వాత నేను వెళ్ళేసరికి వంటింట్లో కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన పాకెట్లు, రబ్బరు బ్యాండ్లు. మా అమ్మ వంటింట్లో. రోలు గోడ వైపు తిప్పి ఉంది. నాన్న ఆ పాకెట్‌లోని గుడ్డు కూరను కడుపారా తింటున్నాడు, అమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. నాన్నను వాకిట్లోకి తీసుకుపోయి కడిగేశాను.

"ఇన్నేండ్లు తిన్న కూర ఇప్పుడు నీకు చేదైందా నాన్నా? అమ్మ ఎట్లయిపోయిందో చూస్తున్నవా?"

నాన్న చెప్పులకేసి చూస్తూ, "ఆదివారం ఒకాయనను అన్నానికి పిలుస్త. గోకరకాయ, దొండకాయ చెయ్యమను" అన్నాడు. నాన్న ఇంటికి ఒకరిని పిలవడం నేనెరిగి అదే మొదలు.

బతిమాలి బామాలి అమ్మ చేత వండించాను. ఉప్పు మూడుసార్లు నన్నే చూడమంది. ఆదివారం ఒంటిగంటకు రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో ఒక సన్నటి పెద్దాయన దిగాడు. పేరు రామచంద్రరావు. కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేసి నాన్న కంటే ఏడాది ముందు రిటైరయ్యారట. కోస్తా వైపు మనిషి. పళ్ళెం ముందు కూర్చుని, అన్నం కలిపి, దొండకాయ నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"దొండకాయకి ఇంత మర్యాద చేసినవాళ్ళని నేను చూళ్ళేదమ్మా" అన్నారు. "ఏడాదైంది ఈ రుచి తగిలి. ఈ చేతికి బంగారు గాజు తొడగాలని దేవానందంతో ఎన్నిసార్లన్నానో. చెప్పేవాడా లేదా?"

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాకు సగమే అర్థమైంది, అమ్మకు పూర్తిగా అర్థమైంది. నాన్న తల ఎత్తలేదు. అమ్మ రావుగారికి మళ్ళీ వడ్డించింది, మళ్ళీ వడ్డించింది. చివర్లో, "చెప్పేటోడు సారూ, రోజూ చెప్పేటోడు" అంది.

ఆయన వెళ్ళాక నాన్నను కూర్చోబెట్టి అడిగింది. "డాక్టరు చెప్పిన రక్తం ఎవ్వలకు పట్టింది?"

నాన్న అప్పుడు చెప్పాడు. డాక్టరు చెప్పిన కొత్తలో డబ్బా తెరిచి తినలేక కూర్చుంటే, పక్కన కూర్చున్న రావుగారు వాసన చూసి, కొంచెం పెడతావా అని అడిగారట. ఆయన భార్య సత్యవేణిగారిది టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగం, పొద్దున్నే పరుగు. డబ్బాలో ఎప్పుడూ ముద్దపప్పు, ఆవకాయ. నాన్నకు అది ప్రాణం. అలా డబ్బాలు మారాయి. రావుగారు రిటైరయ్యాక ఆఖరి ఏడాది కూర పక్కవాళ్ళకు పెట్టి, ఆయన పాత మాటలనే తిప్పి చెప్పాడట.

"ఒక్కనాడైతె చెప్పేటోన్ని" అన్నాడు నాన్న. "మా ఊర్ల మన ఇంటి నీళ్ళు గూడ ఎవ్వలు తాగకపోయేది దానమ్మా. నీకెరుకే గదా. గసుంటిది గాయిన అందరి ముంగట అడిగి, మన డబ్బల చెయ్యి వెట్టి తిన్నడు. ఎట్ల వద్దంట? నువ్వు వండినందుకే గద తిన్నడు. గాయిన ఏమంటె గది మర్శిపోకుంట నీకు తెచ్చి చెప్పిన."

ఇరవై ఆరేళ్ళు ఆ మాటలను వల్లెవేసుకుంటూ సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొచ్చేవాడన్న మాట. నా కోపం సగం అక్కడే చల్లబడింది. అమ్మ మాత్రం మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు గురువారం. పొద్దున్నే రోలు ఇటు తిప్పింది. అటక మీది పాత డబ్బా దింపి తోమి, గోకరకాయ కూర నింపి నాన్న ముందు పెట్టింది.

"పో, గాయినకు ఇచ్చి రా. ఏమన్నడో చెప్పు."

అప్పటి నుంచి ప్రతి గురువారం అదే పని. నాన్న షేర్ ఆటోలో రామంతాపూర్ వెళ్ళేవాడు, ఖాళీ డబ్బాతోనూ రావుగారి మాటతోనూ తిరిగొచ్చేవాడు. అమ్మ చెయ్యి మళ్ళీ దారిన పడింది. కోత పండుగ గంజు దగ్గర మళ్ళీ నిలబడింది. ఇంట్లో నాన్నకు పప్పుచారు, గుడ్డు. అది ఒప్పందం. ఎన్నో ఏళ్ళు అలా గడిచాయి. ఎండకూ వానకూ గురువారం ఆగలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో రావుగారికి ఆయాసం ఎక్కువైంది. రెండు ముద్దలే తిన్నాడని, మిగతాది సత్యవేణిగారు దాచిపెట్టారని నాన్న చెప్పేవాడు. అమ్మ నూనె తగ్గించింది, కూర మెత్తగా మగ్గించింది, డబ్బా మాత్రం ఆపలేదు. ఆ తర్వాతి గురువారం నాకు సెలవు, నాచారంలోనే ఉన్నాను. నాన్న రోజూ కంటే ఆలస్యంగా వచ్చాడు. అమ్మ డబ్బా మూత తీసింది. ఖాళీ.

"ఏమన్నడు?"

నాన్న మంచినీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. "కారం జర ఎక్కువైంది" అన్నాడు. "నువ్వులు మంచిగనే ఉన్నయ్."

అమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. రావుగారు ఇన్నేళ్ళలో ఒక్కసారీ కారం ఎక్కువైందని అనలేదు.

"ఎన్నడు పోయిండు?" అని అడిగింది.

"ఆదివారం" అన్నాడు నాన్న. "మన నంబరు వాళ్ళింట్ల ఎవ్వలకు తెల్వది. పోయి చూస్తె ఫోటోకు దండ. గామె ముంగట డబ్బ దియ్యబుద్ధి గాలె. ఇంటికి మోసుకొస్తె నువ్వు ఏడుస్తవు. పారేద్దామంటె చెయ్యి రాలె. బస్టాపుల కూసోని తిన్న."

"అంత తిన్నవా?"

"అంత తిన్న."

అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కళ్ళు తుడుచుకున్నాక అమ్మ ఆయన పక్కన కూర్చుని, "జర ఎక్కువంటె ఎంత? అర చెంచానా, చెంచానా?" అని అడిగింది.

నాన్న కాసేపు ఆలోచించాడు. "అర చెంచా" అన్నాడు.

తర్వాతి గురువారం ఒంటిగంటకు అమ్మ ఇద్దరికీ పళ్ళేలు పెట్టింది. గోకరకాయలో అర చెంచా కారం తగ్గించింది. నాన్న తిని, ఇంకొంచెం పెట్టమని పళ్ళెం ముందుకు జరిపాడు.