డాక్టరుగారి భార్య అరుపు

ఆ రోజుల్లో మదరాసు సినిమాల్లో దయ్యాలకు గిరాకీ తగ్గిపోయి, పిచ్చి డాక్టర్లకు పెరిగింది. తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని ఎంత తిరిగినా జనం వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ చూసేవాళ్ళే గానీ భయపడేవాళ్ళు కాదు. అదే, తెల్లకోటు తొడుక్కున్న ఒక పెద్దమనిషి గాజుసీసాలో పొగ చూసి నవ్వాడంటే హాల్లో సగం మంది కాళ్ళు పైకి లాక్కునేవాళ్ళు (మిగతా సగం అప్పటికే లాక్కుని ఉండేవాళ్ళు). చదువుకున్నవాడికి పిచ్చెక్కితే ఏ తాయెత్తూ పనిచెయ్యదని అందరికీ తెలుసు కాబోలు. ఎన్ని సినిమాలు వచ్చినా కథ ఒకటే, ఆ కోటు ఒకటే, చివరికి ఆ డాక్టరు తన మంటలో తానే కాలిపోవడమూ ఒకటే. అయినా జనం పోతూనే ఉండేవాళ్ళు. ఎందుకు పోతారో నాకు అర్థమయ్యేది కాదు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. తెలియనివి చాలా ఉండేవి, తెలుసనుకున్నవి ఇంకా ఎక్కువ.

మాది వాషర్‌మెన్‌పేటలో మేడమీది వాటా. హార్బర్లో గుమాస్తాగా పనిచేసే మా నాయిన, నాయిన తల్లి మా అవ్వ, నేను, ముగ్గురమే. అమ్మ అంతకు ముందు ఏడు టైఫాయిడుతో పోయింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో రోజూ పొద్దున ఒక తంతు జరిగేది. నాయిన ఆఫీసుకు బయల్దేరుతూ గొడుగో, కళ్ళజోడో, టిఫిను క్యారియరో, ఏదో ఒకటి మరిచిపోయేవాడు. ఆయన వీధి మలుపు దాకా పోయాక అమ్మ వసారాలో నిలబడి "ఏమండీ" అని ఒక్క కేక పెట్టేది. ఆ చివరి దీర్ఘం ఎంత సాగేదంటే, మా నాయినతో పాటు దారిన పోయే మరో ఇద్దరు ముగ్గురు మొగుళ్ళు కూడా ఒకేసారి వెనక్కి తిరిగేవాళ్ళు. "సంసారి గొంతు గడప దాటగూడదు మే. నీది రాయపురం దాకా పోతావుండాది" అని అవ్వ రోజూ తిట్టేది. అమ్మ పోయాక నాయిన మరిచిపోవడం మానేశాడు. అన్నీ సర్దుకుని మెట్లు దిగిపోయేవాడు. కానీ మలుపు దగ్గర మాత్రం ఒక క్షణం నిలబడి, వెనక్కి తిరిగి చూసి, తర్వాత పోయేవాడు. నేను వసారాలోనే ఉండేదాన్ని. పిలవాలనిపించేది, నోరు వచ్చేది కాదు. పిలిచి ఏమివ్వాలి? ఆయన ఏదీ మరిచిపోలేదు కదా.

ఆ ఇంట్లో పగలంతా కూర్చోవడం నావల్ల కాలేదు. అందుకే టైపు నేర్చుకుని, కోడంబాక్కంలో ఒక చిన్న సినిమా కంపెనీలో ఉద్యోగం సంపాదించాను. నాయిన ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఒప్పుకున్న రోజున కూడా ఒక షరతు పెట్టాడు. "టైపు కొట్టేదే నీ పని. నీ మొగం గానీ గొంతు గానీ తెర మీదికొచ్చిందంటే ఆ దినమే నిలిపేసేది. సరియా?" అన్నాడు. "సరి నాయినా" అన్నాను. మొగం విషయంలో నాకే బెంగా లేదు (మా ఇంట్లో అద్దం ఉంది). గొంతంటారా, దాన్ని అడిగేవాళ్ళెవరు? ఆ ఉద్యోగం పోతే మళ్ళీ ఆ వసారాలోకే పోవాలన్నది ఒక్కటే నా భయం.

మా కంపెనీ అప్పుడు తీస్తున్నదీ పిచ్చి డాక్టరు సినిమాయే. చచ్చిపోయిన భార్యను కరెంటుతో లేపాలని ఒక డాక్టరు పట్టుదల. ఆయన ప్రయోగశాల నిండా మా డైరెక్టరుగారి అత్తగారి ఊరగాయ జాడీలు, గోలీసోడా సీసాలు, లాంతరు చిమ్నీలు. పొగకు సాంబ్రాణి వేసేవాళ్ళు కాబట్టి, ఆ భయంకరమైన గదిలో అడుగుపెడితే బాలింత గదిలో అడుగుపెట్టినట్టుండేది. రక్తానికి బెల్లంపాకం. ఒకరోజు శవం వేషం వేసినావిడ కరెంటు పెట్టకముందే, చీమలు కుట్టి, లేచి కూర్చుంది. డాక్టరు వేషం వేసిన పెద్దాయన అంతకుముందు నాటకాల్లో ధర్మరాజు. నిజం రక్తం మాట ఎత్తితే కళ్ళు తిరిగే మనిషి. అందరం ఆయన్ని "డాక్టరుగారూ" అనే పిలిచేవాళ్ళం. జలుబు చేస్తే మందు కూడా అడిగేవాళ్ళం.

ఒకరోజు అరుపు రికార్డింగు పెట్టుకున్నారు. చచ్చిన భార్య లేచి అరవాలి. వేషం వేసినావిడ వేరే కంపెనీ పని మీద ఊరు దాటింది, అరవడానికి మాట్లాడుకున్న మనిషి ఆ పూట రాలేదు. రికార్డింగు గది మధ్యాహ్నం వరకే మాది. డైరెక్టరుగారు చుట్టూ చూశారు. ఉన్న ఆడమనిషిని నేనొక్కతెనే. బెజవాడ మనిషి, అడగడం కూడా ఆజ్ఞలాగే ఉండేది. "అమ్మాయ్, ఒక్క అరుపు అరిచి పోవమ్మా. దాందేముంది!" షరతు గుర్తొచ్చింది. కానీ మాటంటే మాట, పాటంటే పాట, అరుపుదేముంది, దానికి చిరునామా ఉంటుందా అని నన్ను నేనే ఒప్పించుకున్నాను. మైకు ముందు నిలబడి అరిచాను. "అదేం అరుపమ్మాయ్! పేరంటానికి పిలిచినట్టుంది" అన్నారు డైరెక్టరుగారు. మళ్ళీ అరిచాను. ఈసారి పేరంటానికి రానన్నట్టుందిట. వెనక నుంచి తపేలా పడేశారు. భుజం మీద బల్లి అన్నారు. సౌండు చూసే అరవాయన అద్దం అవతల్నుంచి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. పుట్టినప్పట్నుంచీ గడప దాటగూడదని పెంచిన గొంతు, ఒక్క పూటలో ఎక్కడికని పోతుంది?

అప్పుడు డాక్టరుగారు, విగ్గు చంకలో పెట్టుకుని, మెల్లిగా దగ్గరకొచ్చారు. "భయపడితే మనిషి అరవడు తల్లీ, బిగుసుకుపోతాడు. నువ్వు భయపడకు. ఇన్నాళ్ళు చచ్చిపోయి ఉండి లేచింది కదా ఆవిడ, లేవగానే ఏం చేస్తుంది? తన మనిషి కోసం చూస్తుంది. దూరంగా పోతున్నవాణ్ణి వెనక్కి పిలుస్తుంది. అలా పిలువు" అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. మా వీధి మలుపు కనిపించింది. మాట రాలేదు, ఆ చివరి దీర్ఘం ఒక్కటే వచ్చింది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి అద్దం అవతల అరవాయన తల ఊపడం ఆపేశాడు. డాక్టరుగారు విగ్గుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

సినిమా మా పేట చివర ఉన్న హాల్లోకి వచ్చింది. నా ఖర్మ కొద్దీ మా అవ్వకు దేవుడి సినిమాల కంటే ఈ పిచ్చి డాక్టర్ల సినిమాలే ఇష్టం. "పాపం, వాడొక్కడే గదా అందులో ఒళ్ళొంచి పని చేసేది" అనేది. అమ్మ సంవత్సరీకం అయిపోయింది, ఇంక సినిమాకు పోవచ్చని తీర్పు చెప్పి, తోడుకు నాయిన్ని లేవదీసింది. నేను తలనొప్పన్నాను. హాల్లో నల్లులన్నాను. సినిమా చాలా చెత్తగా ఉందని కంపెనీ మనిషిగా సాక్ష్యం కూడా చెప్పాను. "వాడు లేపేది యాడన్నా నిలిచిందా అవ్వా? ప్రతి సినిమాలోనూ కాలిపోవాల్సిందే గదా" అన్నాను చివరికి. "అందుకే పోయేది మే. ఈసారన్నా నిలుస్తుందేమోనని" అంది అవ్వ, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ. ఆదివారం మాట్నీకి ముగ్గురం పోయాం.

ఊరగాయ జాడీలు తెర మీద నిజంగానే భయంకరంగా ఉన్నాయి. నేను మాత్రం రీళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. డాక్టరుగారు స్విచ్చి వేశారు, సాంబ్రాణి పొగ లేచింది, బల్ల మీద ఆవిడ కళ్ళు తెరిచింది. అరుపు వచ్చింది. ముందు వరసల్లో ఈలలు వేశారు. అవ్వ నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. నాయిన లేచి నిలబడ్డాడు. నిలబడి, తెర వంక కాదు, వెనక్కి తిరిగి చూశాడు. మలుపు దగ్గర రోజూ తిరిగినట్టే, అదే వైపు మెడ తిప్పి, చీకట్లో అన్ని మొగాల మీదుగా ఎవరికోసమో చూశాడు. "ఉక్కారు సామీ! తిరై మరైక్కుదు!" అని, తెరకు అడ్డం, కూర్చోమని వెనకనుంచి ఎవరో అరవంలో కసిరారు. నాయిన గబుక్కున కూర్చున్నాడు. అవ్వ నోరు మూసుకుని చూసిన సినిమా నాకు తెలిసి అదొక్కటే.

అప్పటికింకా ట్రాములు పూర్తిగా ఆగిపోలేదు. ఇంటికొచ్చేదాకా ట్రాములో ముగ్గురం మూడు కిటికీల్లోంచి చూశాం. రేపట్నుంచి వసారాయే అనుకున్నాను. ఉద్యోగం మానేసినట్టు ఉత్తరం ఎలా టైపు చెయ్యాలా అని కూడా ఆలోచించాను (ఎవరి ఉత్తరాలో కొట్టి కొట్టి అదొక జబ్బయింది). ఇంట్లోకి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక నాయిన నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఏదో అడగబోయి, ఆగి, చివరికి అడిగాడు.

"గొంతు నొచ్చిందా పాపా?"

"లేదు నాయినా" అన్నాను. అంతవరకే అనగలిగాను, తర్వాత ఏడుపొచ్చింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ ఏడవలేదు. "రేపు ఆఫీసుకు పొద్దన్నే పోవల్ల గదా, తిని పడుకో" అన్నాడు నాయిన. షరతు మాట ఇక ఎత్తలేదు.

ఆ వారంలో రెండు రోజులు నాయిన ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు. పని ఎక్కువన్నాడు. చొక్కా ఉతకబోతూ అవ్వ జేబులోంచి సగం చింపిన సినిమా టికెట్లు రెండు తీసింది. నాకు చూపించి, ఆయనకు చూపించకుండా, మళ్ళీ జేబులోనే పెట్టి ఆ చొక్కా పక్కన పెట్టేసింది. సినిమా మా పేటలోంచి ఎత్తేసేదాకా నాయినకు పని ఎక్కువగానే ఉండింది. ఎత్తేసిన మర్నాడు పొద్దున ఆయన గొడుగు మరిచిపోయి దిగిపోయాడు. మరిచిపోయాడో, వదిలేశాడో నేనడగలేదు. మలుపు దాకా పోనిచ్చి, వసారాలో నిలబడి "నాయినా" అని ఒక్క కేక పెట్టాను. వీధంతా తిరిగి చూసింది. అవ్వ లోపల్నుంచి "గొంతు గడప దాటగూడదు మే!" అని తిట్టింది. ఏడాది తర్వాత అవ్వ నోట మళ్ళీ ఆ తిట్టు విన్నాను.

ఇప్పుడు నాది అమ్మకు ఎన్నడూ రాని వయసు. ఏ మధ్యాహ్నమో టీవీలో ఆ సినిమా వేస్తే మనవలు సోఫా మీద పడి పడి నవ్వుతారు. ఆ కోటు చూసి, సోడా సీసాలు చూసి, అది బెల్లంపాకమని నేను చెబితే ఇంకా నవ్వుతారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను. ఆ అరుపు మాత్రం నాదని ఇంతవరకూ చెప్పలేదు. అది వచ్చేసరికి, పందొమ్మిదేళ్ళ నా గొంతని తెలిసి కూడా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాను. వంటింటి గుమ్మం తప్ప ఏమీ ఉండదు. "భయమేసిందా అవ్వా?" అని అడుగుతుంది చిన్నది. వేసిందంటే దానికి మహా సంతోషం. అందుకని, వేసిందనే చెబుతాను.