మా మావగారు సింగపూర్‌కి కరెంటు ఇచ్చిన వైనం

సింగపూర్‌లో చీమల పుట్టకు కూడా కరెంటు ఉంటుందని మన దేశంలో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తూ ద్వీపం మొత్తానికి చీకటి ఇల్లు ఒక్కటంటే ఒక్కటి మిగిలింది. దాన్ని వెతికి పట్టుకుని అద్దెకు దిగిన ఘనత నాది.

అవి సాఫ్ట్‌వేర్ బూమ్ రోజులు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నిటికీ మతిపోతుందని కంపెనీలు హడలి చస్తున్న కాలం. కీబోర్డుకీ హార్మోనియానికీ తేడా తెలిసిన ప్రతి తెలుగువాడినీ విమానమెక్కించి తెచ్చేశారు. అలా వచ్చినవాళ్ళం బెడోక్‌లో ఒకే ఫ్లాట్‌లో పోగుపడ్డాం. రాత్రి ఒకడు పక్కకి ఒత్తిగిలితే గోడ దాకా అందరం అలలాగా ఒత్తిగిలాల్సిందే. కొత్తగా పెళ్ళయి వచ్చిన మా ఆవిడ గుమ్మంలో ఆరేసిన లుంగీల తోరణాలు చూసి, చెప్పులు కూడా విప్పలేదు.

"ఏవండీ, ఇది ఇల్లా, కాకినాడ బస్టాండా?"

అలా ఇంటివేటలో పడ్డాను. పాసిర్ రిస్ దాటి, రోడ్డు తనకే విసుగొచ్చి మట్టిదారిగా మారిపోయే చోట, బొప్పాయి చెట్ల మధ్య ఒక రేకుల ఇల్లు దొరికింది. ఇల్లుగలావిడ చైనీస్ ఆంటీ. తను కొడుకు ఫ్లాట్‌కి మారిపోయినా, కాపురానికొచ్చిన ఇల్లు పాడుపడిపోతుంటే చూడలేక అద్దెకిచ్చింది. ఇంటితోపాటు కోళ్ళు కూడా మీవే అంది. మా ఆవిడ ఆ కోళ్ళని చూసి అప్పటికప్పుడే అన్నిటికీ పేర్లు పెట్టేసింది.

లోటల్లా ఒక్కటే. ఇల్లు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండటంతో లైను కట్ చేసేశారు. లోపలి వైర్లను ఎలుకలు మూడు పూటలా భోంచేశాయి.

"మరి కరెంటు, ఆంటీ?"

"కెన్, కెన్! నెక్స్ట్ వీక్ కెన్!" అంది ఆవిడ. అక్కడ కెన్ అంటే అయిపోతుందని.

మనకు కృత, త్రేతా, ద్వాపర, కలియుగాలని నాలుగే యుగాలు తెలుసు. ఆంటీగారి నెక్స్ట్ వీక్ ఐదోది. అది వచ్చేలోగా, చెట్ల నీడకి పగలు కూడా చీకటిగా ఉండే ఆ ఇంట్లో మేం లాంతరు వెలుగులో కాపురం చేశాం. మా ఆవిడ నానబెట్టిన పప్పు డబ్బాలో పోసిస్తే, మిక్సీ చంకన పెట్టుకుని పాయా లేబర్‌లోని ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. అక్కడి ప్లగ్‌పాయింట్లకి మన గుండ్రటి కాళ్ళ ప్లగ్గంటే గిట్టదు. పైకన్నంలో పెన్సిల్ గుచ్చితే కింది రెండూ కిక్కురుమనకుండా నోరు తెరుస్తాయి. ఇది ఏ కాలేజీలోనూ నేర్పని విద్య, మనవాళ్ళందరికీ పుట్టుకతో వస్తుంది. మిక్సీ మోతకి మీటింగులో ఉన్న మా బాసు ఉలిక్కిపడి "వాట్ ఈజ్ దట్?" అంటే, "సర్వర్ రీస్టార్ట్ అవుతోంది సార్" అనేవాణ్ణి. సర్వర్ లోంచి అల్లం వాసన ఎందుకొస్తోందని ఆయన ఎన్నడూ అడగలేదు, పెద్దమనిషి.

ఇలా హాయిగా గడిచిపోతుండగా మా మావగారు కూతుర్ని చూడటానికి వస్తున్నానని కబురు చేశారు.

ఇక్కడ ఆయన గురించి కొంచెం చెప్పాలి. ఎలక్ట్రిసిటీ డిపార్టుమెంటులో ఇంజనీరుగా రిటైరైన మనిషి. మా జిల్లాలో ఆయన స్తంభం పాతని ఊరు లేదు. పెళ్ళికి వెళితే పెళ్ళికూతుర్ని చూడరు, పందిరికి లైటింగు ఎక్కణ్ణుంచి లాగారో చూస్తారు. అలాంటి మనిషి ఇంటికొస్తున్నాడని తెలియగానే మా ఆవిడ ఖాళీ మీటరు బోర్డు మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించి, ఆ స్వామికే దణ్ణం పెట్టుకుంది.

మావగారు పొద్దున్నే దిగారు. అడుగు లోపల పెడుతూనే గోడలన్నీ కలయజూశారు.

"అమ్మాయ్, మీటరేదే?"

"ముందు కాఫీ తాగండి నాన్నా."

"కాఫీ ఎక్కడికి పోతుంది? మీటరేదీ?"

నేను కల్పించుకున్నాను. "ఇక్కడ మీటర్లు గోడ లోపల పెడతారండీ మావయ్యగారూ. కొత్త టెక్నాలజీ."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, నేరుగా వెళ్ళి క్యాలెండరు ఎత్తారు. తుప్పుపట్టిన రెండు స్క్రూల మధ్య ఒక బల్లి, రీడింగు తీయడానికొచ్చిన ఉద్యోగిలా, తల తిప్పి ఆయన్ని చూసింది. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"కోళ్ళఫారాలకిచ్చాను. ఐసు ఫ్యాక్టరీలకిచ్చాను. చచ్చినవాళ్ళు మాత్రం చీకట్లో ఎందుకుండాలని శ్మశానానికి కూడా ఇచ్చాను. సింగపూర్‌లో నా కూతురికి లాంతరా?"

"లాంతరు ఇక్కడ ఫ్యాషనండీ..." అన్నాను.

"అల్లుడుగారూ, తమరు మాట్లాడకండి." ఆయన లేచి నిలబడి ఆర్డరు జారీ చేశారు. "నేను తిరుగు విమానం ఎక్కేలోగా ఈ ఇంట్లో లైటు వెలగాలి. లేదా, అమ్మాయి నాతో వచ్చేస్తుంది. అంతే!"

"నేను రాను. నా కోళ్ళనెవరు చూస్తారు?" అంది మా ఆవిడ.

"అల్లుడుగారు చూస్తారు. ఖాళీయేగా!"

మర్నాటి నుంచి మావగారు ఆంటీగారి ఫ్లాట్ మీద దండయాత్ర మొదలెట్టారు. పొద్దున్నే ఇస్త్రీ లేని చొక్కా వేసుకుని వెళ్ళేవారు. ఇస్త్రీ ఎందుకు లేదో ఆవిడకి తెలియాలని ఆయన పట్టుదల. "కరెంట్ టుడే?" అనేవారు. "నెక్స్ట్ వీక్!" అనేది ఆవిడ. "ఓకే. ఐ సిట్," అని సోఫాలో బైఠాయించేవారు. ఇంటికొచ్చిన వాణ్ణి పస్తుపెట్టడం ఆవిడకి చేతకాదు. "మకాన్, మకాన్!" అంటూ టోఫూ కూర పెట్టేది. తినమనడమని ఆయనకి వెంటనే బోధపడింది. "ఇదేంటోయ్, పనీరుకి తమ్ముడిలా ఉంది. బావుంది!" అని నాకు సాయంత్రం చెప్పేవారు. వారం తిరక్కుండా టోఫూ అయినా అయిపోవాలి, ఆవిడ ఓపికైనా అయిపోవాలి అన్నట్టయింది. ముందు ఓపికే అయిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇల్లంతా కొత్త వైర్లు లాగి వెళ్ళాడు. మీటరు బిగించి లైను కలపడానికి మాత్రం మనిషిని సరిగ్గా మావగారి ప్రయాణం రోజున పంపుతామన్నారు. విమానం సాయంత్రం, మీటరు మధ్యాహ్నం. మా ఆవిడ దేనికైనా మంచిదని ఒక సూట్‌కేసు సర్దుకుంది. నేను దేనికైనా మంచిదని కోళ్ళతో మాటలు కలిపాను.

మీటరు బిగించడానికొచ్చినాయన మలయ్ అంకుల్, నెమ్మదైన మనిషి. ఆంటీ కూడా చోద్యం చూడటానికి వచ్చింది. అంకుల్ మీటరు బిగించాడు, పరీక్షలన్నీ చేశాడు, మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"స్టాప్!" అని ఒక్క కేక పెట్టారు మావగారు.

కొత్త సర్వీసు ఇచ్చినప్పుడల్లా ఆయన స్వహస్తాలతో కొబ్బరికాయ కొట్టడం డిపార్టుమెంటులో ఆచారం. అక్కడైతే స్తంభం మొదట్లో కొడతారు. మా స్తంభం సందు చివర మండుటెండలో ఉంది. అందుకని మీటరు కిందున్న సిమెంటు దిమ్మే చాలనుకుని, అంకుల్ అర్థం చేసుకునేలోగా మీటరుకి కుంకుమ బొట్టు పెట్టేసి, రిటైరైన నాటినుంచీ దాచుకున్న సత్తువంతా కూడదీసి కొట్టారు. కాయ పేలింది. నీళ్ళు కిందికి పోవాలని లోకంలో ఒక నియమముంది. ఆ నీళ్ళకది తెలియదు. తిన్నగా పైకి లేచి, బోర్డుకీ మీటరుకీ అంకుల్ టోపీకీ మంగళస్నానం చేయించాయి.

"సార్! వాటర్ కెనాట్ లా!" మలయ్ అంకుల్ ఎగిరి గంతేసి, సామాను సర్దడం మొదలెట్టాడు. "తడి ఆరాలి. మళ్ళీ అపాయింట్‌మెంట్. నెక్స్ట్ వీక్."

ఆ రెండు మాటలు ఇంకొకరి నోట వినేసరికి ఆంటీగారే గుండె పట్టుకుంది.

మావగారు చేతిలో రెండు చిప్పలతో కొయ్యబారిపోయారు.

"నాన్నా, ఆ ఆర్డరు వెనక్కి తీసుకోండి," అంది మా ఆవిడ.

"సర్వీసులో ఎన్నడూ ఇచ్చిన ఆర్డరు వెనక్కి తీసుకోలేదే!" ఆయన గొంతులో నీరసం. కూతుర్ని తీసుకెళ్ళే ఉద్దేశం ఆయనకి ఏనాడో పోయిందని అప్పుడర్థమైంది నాకు.

ఇక చూడండి. ఆంటీ మలయ్ అంకుల్‌ని కుర్చీలో కుదేసి, అతని భాషలోనే బతిమాలుతూ కొబ్బరిముక్కలు ఒక్కొక్కటే చేతికందిస్తోంది. ముక్క నమిలేంతవరకూ మనిషి లేవలేడు కదా! ఈలోగా నేను తువ్వాలుతో తుడుస్తున్నాను, మా ఆవిడ చాటతో విసురుతోంది, మావగారు కండువాతో తిరునాళ్ళలో దేవుడికి వింజామర వీచినట్టు వీస్తున్నారు. ఆ గాలికి రెండు కోళ్ళు ఎగిరి పెరట్లో బొప్పాయి చెట్టెక్కాయి. కాయ ఆఖరి ముక్క అయ్యేసరికి అంకుల్‌కి నవ్వాగలేదు. బోర్డు విప్పి, ఒక్కో మూలా తనే ఇంకోసారి తుడిచి, ఆరిందనిపించాక మళ్ళీ మొదటినుంచీ పరీక్ష చేశాడు. అతని టెస్టరు ముల్లు కేసి మేం నలుగురం ఊపిరి బిగబట్టి చూశాం.

"ఓకే. కెన్," అన్నాడు.

స్విచ్ నొక్కింది మావగారే. ట్యూబులైటు రెండుసార్లు కన్నుకొట్టి, భళ్ళున వెలిగింది. ఆయన చప్పట్లు కొట్టారు, ఆంటీ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్యలోంచి మా ఆవిడ కేక.

లాంతరు చాలా మర్యాద గల వస్తువు. చూపించకూడనిది చూపించదు. ట్యూబులైటుకి ఆ సంస్కారం లేదు. దూలం నిండా బల్లులు, పెళ్ళిపందిట్లో బంతి భోజనాలకి కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి. లేత పసుపు రంగని మేం మురిసిపోయిన గోడ నిజానికి లాంతరు పొగ.

"ఏవండీ, ఇన్నాళ్ళూ వీటితోనా మనం కాపురం చేసింది? నాన్నా, ఆగండి! నేనూ వస్తున్నా!" అని మా ఆవిడ సూట్‌కేసు అందుకుంది.

మావగారు ఆ సూట్‌కేసు లాక్కుని నా చేతికిచ్చారు. "కుదరదమ్మా. లైటు వెలిగింది. కండిషనంటే కండిషనే!" అంటూ టాక్సీ వైపు దాదాపు పరిగెత్తారు.

ఆ తర్వాత మా ఊరినుంచి దూరపు బంధువొకాయన ఫోన్ చేశాడు. "ఏమోయ్, మీ మావగారు వెళ్ళేదాకా సింగపూర్‌లో కరెంటే లేదటగా?"

"అవునండీ. ఆయనొచ్చేదాకా ఒకటే చీకటి," అన్నాను.

"అదే నయం!" అంది చీపురు పుచ్చుకుని దూలం కింద కాపు కాస్తున్న మా ఆవిడ.